తొక్కు పెట్టే దాకా

ఈ సంగతి జరిగినప్పుడే రాసి ఉండాల్సింది. అప్పటికి నాకు వత్తులు రాలేదు. గుణింతాల దాకా వచ్చాను. చిన్న చిన్న మాటలు కూడబలుక్కుని రాసేదాన్ని. కానీ ఇందులో ఉన్న మాటలన్నిటి కిందా వత్తులే. అత్తమ్మ, బిడ్డ, డాక్టరమ్మ, గర్భం. ఆవు, ఈగ, ఉడుత అనే మాటలతో ఈ సంగతి చెప్పలేను కదా.

చిన్నప్పుడు నన్ను బడికి పంపలేదు. నా తర్వాత పుట్టిన నలుగురిని ఎత్తుకుని తిప్పడానికి ఇంట్లో ఒకరు కావాలి. ఆ ఒకరు నేనయ్యాను. పెళ్లయ్యాక చీరలకు ఫాల్ కుట్టడం నేర్చుకున్నాను. మిషన్ ముందు కూర్చుంటే అక్షరాలతో పని పడలేదు. యాభై దాటాక మా కోడలు పలక తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆమె ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. వాళ్లకు చెప్పినట్టే నాకూ చెప్పింది, బాగా రాస్తే పలక మూల చుక్క కూడా పెట్టింది.

వత్తులు వచ్చాక కూడా వెంటనే రాయలేదు. ఇది నా ఒక్కదాని సంగతి కాదు. కోడలిని అడిగాను. "రాయి అత్తమ్మా. పేర్లు మాత్రం పెట్టకు. పేర్లు పెడితే గల్లీల మస్తు లొల్లయితది" అంది. అందుకే పేర్లు లేవు.

మా ఇల్లు ఫలక్‌నుమాలో, స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో ఉంటుంది. రెండు గదులు, వంటిల్లు, పైన డాబా. ముందు గదిలో నేను, మా ఆయన, నా మిషన్. లోపలి గదిలో కొడుకు, కోడలు. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. కొడుకు ఏసీలు బిగిస్తాడు, పాడైతే బాగు చేస్తాడు.

పెళ్లయి ఐదేళ్లయినా కోడలికి కడుపు పండలేదు. ఆమెకు ముప్పై దాటాయి. ఒక ఎండాకాలం నేనూ ఆమే లోకల్ రైలెక్కి దబీర్‌పురాలో ఉన్న ఆడ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. డాక్టరమ్మ స్కాన్ చేసి చూసింది. గుడ్డు నెలనెలా సరిగ్గా విడుదల కావడం లేదని చెప్పింది. నెలసరి మొదలైన మూడో రోజు నుంచి ఐదు రోజులు వేసుకోమని గోలీలు రాసింది. ఆ తర్వాత ఏ రోజుల్లో భార్యాభర్తలు కలిసి ఉండాలో చెప్పింది. మూడు నెలలు చూసి, ఈసారి మీ ఆయన్ని కూడా తీసుకుని రమ్మంది.

ఇందులో మేము బాగా విన్నది గోలీల సంగతి ఒక్కటే. ఆ రోజుల సంగతి ఆమె చెబుతున్నంతసేపూ నేను గోడ మీది పసిపాప బొమ్మను చూస్తూ కూర్చున్నాను. అత్త పక్కన కూర్చుని కోడలు మాత్రం ఎంత వినగలదు? ఇక మూడు నెలలకు మళ్లీ వెళ్లడమనేది మా గల్లీలో అలవాటు లేని పని. డాక్టరు ఒకసారి చీటీ రాసిస్తే అది మడతల దగ్గర చిరిగిపోయే దాకా మెడికల్ షాపులో నడుస్తుంది. బీపీ గోలీలూ అంతే, ఒళ్లు నొప్పుల గోలీలూ అంతే. మేము వీటినీ అలాగే నడిపించాం.

అందరం ఆమె కోసం చేయగలిగిందంతా చేశాం. వాళ్లమ్మ మంగళవారాలు ఉపవాసం ఉంది. నేను బోనాలకు అమ్మవారికి చీర మొక్కుకున్నాను. ఎదురింటి ముస్లిం అక్కను ఆపా అంటాను, ఆమె దర్గా నుంచి తాయెత్తు తెచ్చి తనే కట్టింది. ఆపా, నేను ఒకే ఏడాది ఈ గల్లీలోకి కోడళ్లుగా వచ్చాం, మా మధ్య నాది నీది అని లేదు. నెల తిరిగేసరికి కోడలు బాత్రూం నుంచి మూతి ముడుచుకుని వచ్చేది. "ఏం కాదు బిడ్డా, ఇంకో నెల చూద్దాం" అనేదాన్ని నేను. వాళ్లమ్మ ఫోన్‌లో అదే అనేది. ఆపా కూడా "ఏక్ మహీనా ఔర్" అనేది. మా ఆయన అయితే టీవీ వైపు చూస్తూ అనేవాడు.

గోలీలు వేసుకునే రోజుల్లో ఆమెకు తలనొప్పి వచ్చేది. ఒళ్లంతా ఆవిర్లు వచ్చేవి. ఒకసారి చలికాలంలో ఫ్యాన్ ఐదు మీద పెట్టుకుని కూర్చుంది. ఇంకోసారి పప్పు డబ్బా మూత రాలేదని ఏడ్చింది. అప్పుడే నాకు "ఘ" నేర్పుతోంది. నేను దాన్ని ఎన్నిసార్లు రాసినా "ఫ" లాగే వస్తోందని పలక లాక్కుని, వెంటనే నవ్వి, మళ్లీ ఇచ్చింది. "గోలీలు అరుస్తున్నయ్ అత్తమ్మా, నేను కాదు" అంది.

కొత్త సంవత్సరం వచ్చాక ఒక రోజు ఆమే అంది. "ఇగ నాకు చాతనైత లేదు. డాక్టర్ దగ్గరికి పోదాం. ఈసారి ఈయన రావాలె."

నా కొడుకు రానన్నాడు. తనకేం జబ్బు లేదన్నాడు. ముందు గదిలో పడుకుని ఉన్న మా ఆయన లేచి కూర్చున్నాడు.

"బండి స్టార్ట్ గాకుంటే ఒక్క ప్లగ్గే చూసి ఊకుంటమారా? పెట్రోల్ వస్తుందో లేదో గూడ చూస్తం. పో."

"బాపు, అమ్మ ముంగట ఏం మాటలు గివి?"

"మీ అమ్మకు తెల్వదా? నువ్వెట్ల పుట్టినవ్?"

నా కొడుకు ఇంకో మాట వినకుండా చొక్కా వేసుకున్నాడు.

డాక్టరమ్మ గదిలో ముగ్గురం వరుసగా కూర్చున్నాం. ఆమె పాత చీటీ చూసి అడిగింది.

"ఎన్ని నెలలు వేసుకున్నారు?"

"ఎనిమిది" అంది కోడలు.

"ఎనిమిదా? మూడు నెలలకే రమ్మన్నాను కదమ్మా!"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నా కొడుకు వైపు తిరిగింది.

"సరే బేటా. మొదటి నెల చెప్పు. ఆమె గోలీలు అయిపోయాక ఆ వారం పది రోజులు ఇద్దరూ కలిసి ఉన్నారా?"

నా కొడుకు గోడకున్న ఏసీ వైపు చూశాడు. ఆ గదిలో అతనికి తెలిసిన వస్తువు అదొక్కటే.

"యాది లేదు మేడమ్."

కోడలికి యాది ఉంది. తల వంచుకుని చెప్పింది. "మొదటి నెల నిజామాబాద్‌ల ఫంక్షన్ హాల్‌కు ఏసీల పని దొరికింది మేడమ్. అక్కడ్నే ఉన్నడు."

"రెండో నెల?"

"చిన్నత్తమ్మ బిడ్డ పెండ్లి. ఇంటినిండ చుట్టాలు. ఆడోళ్లం లోపలి అర్రల, మొగోళ్లు డాబా మీద."

"తర్వాత?"

"తర్వాత ఒక నెల బాగనే ఉన్నం. ఇంకో నెల ఈయనకు జెరమొచ్చింది. ఆ తర్వాత గణపతి పండుగ."

"పండుగైతే ఏమైంది?"

"మండపం కాడ కావలి పండుకున్నడు మేడమ్. నిమజ్జనం దాకా."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "గణపతి అయిపోయాక?"

"ఒక నెల ఇంట్లనే ఉన్నడు. ఆ తర్వాత మాల ఏస్కున్నడు. దీక్ష కదా మేడమ్. చాప మీద పండుకునుడు, వేరే వంట. నేను పక్కకు గూడ పోలే. కొండకు పోయొచ్చేసరికి రెండు నెలల గోలీలు అయిపోయినయ్."

"మాల ఎందుకు వేసుకున్నావు బేటా?"

నా కొడుకు మెల్లగా చెప్పాడు. "బిడ్డ పుట్టాలని మొక్కుకున్న మేడమ్."

ముందు డాక్టరమ్మ భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేను నవ్వాను. కోడలైతే నవ్వీ నవ్వీ కళ్లల్లో నీళ్లొచ్చి నా భుజం మీద వాలిపోయింది. ఎన్ని నెలల తర్వాత ఆమె అలా నవ్వడం చూశానో చెప్పలేను. నా కొడుకు ఒక్కడే అయోమయంగా కూర్చున్నాడు.

"గోలీలు ఏస్కుంటుంది గదా అనుకున్న మేడమ్."

"గోలీ గుడ్డును బయటికి తెస్తుంది బేటా. దాని దగ్గరికి రావాల్సింది నువ్వు. నువ్వేమో వినాయకుడికి కావలి పడుకున్నావు."

"నాకెవరు చెప్పిన్రు? ఆ రోజుల సంగతి ఇప్పుడే వింటున్న."

అది నిజం. ఎవరూ చెప్పలేదు. నాకు సిగ్గు, ఆమెకు సిగ్గు. ఇంట్లో నలుగురం ఆమె గోలీలు లెక్కపెట్టాం గానీ, అతను ఏ రోజు ఇంట్లో ఉండాలో అతనికి చెప్పినవాళ్లు లేరు.

డాక్టరమ్మ నవ్వడం ఆపి కళ్లజోడు పెట్టుకుంది. "చూడండి. మీరు నిజంగా ప్రయత్నం చేసిన నెలలు మూడు కూడా లేవు. కానీ గోలీ మాత్రం ఎనిమిది నెలలూ ఈమె ఒంట్లోకి పోయింది. ఇవి ఏళ్ల తరబడి వేసుకునేవి కావు. అందుకని నా ఇష్టమొచ్చినట్టు పొడిగించలేను. ముందు ఇద్దరికీ పరీక్షలు చేద్దాం. అది మొదట్లోనే కావాల్సింది. తర్వాత గోలీ మార్చి ఇస్తాను. ఈసారి ప్రతి నెలా స్కాన్‌లో గుడ్డు చూసి, నేను చెప్పిన రోజుల్లో ప్రయత్నించాలి. మామూలుగా మూడు నెలలు, మహా అయితే ఆరు నెలలు చూస్తాం. ముప్పై ఐదు దాటినవాళ్లకైతే అంత కూడా ఆగం. అప్పటికీ రాకపోతే ఆ గోలీల పని అక్కడితో అయిపోయినట్టు. ఇంకో దారి చూడాలి."

కోడలు నిటారుగా కూర్చుంది. "ఇంకో దారి అంటే ఏంది మేడమ్?"

డాక్టరమ్మ తొందర పడకుండా చెప్పింది. భర్త వీర్యాన్ని శుభ్రం చేసి లోపలికి ఎక్కించేది ఒక పద్ధతి. బయట పిండం చేసి కడుపులో పెట్టేది ఇంకొకటి. దానికి ఇంజెక్షన్లు ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. దత్తత తీసుకోవడం ఒకటి. మేమిద్దరమే చాలు అనుకోవడమూ ఒకటి. "ఏది కావాలో మీరే ఆలోచించుకోండి. కానీ గోలీలు ఎక్కడ ఆపాలో ఇప్పుడే అనుకోండి. మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు అనుకోవాలి. నెలసరి వచ్చిన రోజు అనుకుంటే ఇంకో నెల అనిపిస్తుంది" అంది.

కోడలు ఆలోచించనే లేదు. "తొక్కు పెట్టే దాకా" అంది.

"ఏ తొక్కు?"

"మామిడికాయ తొక్కు మేడమ్. మా ఇంట్ల ఏప్రిల్ ఆఖర్ల పెడ్తం."

డాక్టరమ్మ వేళ్ల మీద చూసుకుంది. పరీక్షలకు ఈ నెల, ఆ తర్వాత మూడు నెలలు. "సరిపోతుంది" అంది.

తిరుగు రైల్లో సీట్లు దొరికాయి. నా కొడుకు కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తున్నాడు. కోడలు అతన్ని మోచేత్తో పొడిచింది.

"కోపమొచ్చిందా?"

"నువ్వు చెప్పొచ్చు గదా. మాల ఏస్కునే దినం చెప్తే, వచ్చే ఏడాది ఏస్కునేటోణ్ణి."

"నా కోసమని నువ్వు చన్నీళ్ల స్నానం చేస్తుంటివి. అమ్మ నా కోసం ఉపాసముంటుండె. అందరు నా కోసమే చేస్తుంటే, నా కోసం ఒక్క దినం ఇంట్ల ఉండమని ఎట్ల చెప్పాలె?" ఆమె నా వైపు కూడా తిరిగింది. "నాకొకటి మాటియ్యుండ్రి. తొక్కు పెట్టినంక మనింట్ల ఎవరు గూడ ఇంకో నెల అనద్దు. ఆ మాట వింటే నాకు గోలీ మింగినట్టే ఉంటది."

నా కొడుకు మాటిచ్చాడు. నేనూ ఇచ్చాను. ఇస్తూనే, ఈ మాట నిలబెట్టుకోవడం నాకు కష్టమని నాకు తెలుసు. నాకు మనవడో మనవరాలో కావాలి. నా కొడుకు ముక్కు కాస్త చప్పిడిగా ఉంటుంది. ఆ ముక్కుతో ఇంకో చిన్న ముఖాన్ని చూడాలని నాకు ఎప్పటి నుంచో ఆశ.

పరీక్షల్లో పెద్ద దోషాలేవీ తేలలేదు. కొడుక్కి వీర్యకణాలు కొంచెం తక్కువగా ఉన్నాయి గానీ ఫికర్ చేయనక్కర్లేదన్నారు, గుట్కా మానేయమన్నారు. మానేశాడు. ఆ నెల రోజులూ అతను లవంగాలు నములుతుంటే ఇల్లంతా పెళ్లిభోజనం వాసన వచ్చింది.

ఇక ఆ రోజుల సంగతి. స్కాన్ అయ్యాక డాక్టరమ్మ చెప్పిన రోజులు నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకుండా నేనే ఒక ఏర్పాటు చేశాను. స్కాన్ నుంచి వచ్చిన రోజు సాయంత్రం సంచీలో రెండు చీరలు పెట్టుకుని, "కిషన్‌బాగ్‌ల చెల్లెను చూసొస్తం" అనేదాన్ని. మా ఆయన్ని కూడా లేపేదాన్ని.

"మొన్ననే పోయొచ్చినం గదనే" అనేవాడు.

"మళ్ల పోదాం. లెవ్వు."

రెండో నెల అతనికి అర్థమైంది. చెప్పులు వేసుకుంటూ, "బస్సు డిపోల గిన్ని డ్యూటీలు చెయ్యలే" అన్నాడు.

మా చెల్లెలికి మాత్రం అర్థం కాలేదు. నెలనెలా అక్కాబావలు సంచీతో దిగి మూడు నాలుగు రోజులు ఉండిపోతున్నారు. మూడో నెల నన్ను వంటింట్లోకి తీసుకుపోయి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నాకాడ దాచకు. కోడలు ఎల్లగొడుతుందా?"

"అయ్యో, లేదే!"

"బావ ముఖం చూస్తనే తెలుస్తుంది. గిట్ల చేస్తదనుకోలే ఆ పిల్ల. టీచర్ అని చెప్పి తెచ్చుకుంటిరి."

నాకు నవ్వు ఆగలేదు. విషయం చెవిలో చెప్పాను. మా చెల్లెలు నోరు తెరిచి, మళ్లీ మూసి, పరిగెత్తుకెళ్లి మా ఆయనకు ఇంకో రెండు కోడిగుడ్లు ఉడకబెట్టింది. ఆయనకెందుకో నాకిప్పటికీ తెలియదు.

రెండు నెలలు నెలసరి వచ్చింది. కోడలు ఏడవలేదని చెప్పను. కానీ ఏడ్చి ముఖం కడుక్కుని, మొదటిసారి "ఇంక రెండున్నయ్" అంది, రెండోసారి "ఇంక ఒక్కటే ఉంది" అంది. ఆ మాటలో కొంచెం ఊపిరి ఉండేది. ఎక్కడ ఆగుతుందో తెలిసిన దారి నడవడం వేరు. అది ఆమె నడకలోనే కనిపించేది. బడి నుంచి వచ్చాక నాకు పాఠం చెప్పడం మానలేదు. ఆదివారాలు వాళ్లిద్దరూ డాబా మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకునేవాళ్లు. ఏం మాట్లాడుకుంటున్నారో నేను అడగలేదు.

ఏప్రిల్ చివరి ఆదివారం తొక్కు పెట్టే రోజు. పొద్దున్నే మా ఆయన మార్కెట్‌కు వెళ్లి మామిడికాయలు అక్కడే కొట్టించుకుని తెచ్చాడు. ఆపా తన జాడీ తీసుకుని వచ్చింది. ప్రతి ఏడాదీ రెండిళ్ల తొక్కూ కలిపే పెడతాం. అల్లం ఎల్లిగడ్డ దంచడం ఆమె పని, కలపడం నా పని. ముక్కలు తుడిచి జీడి తీసి గుడ్డ మీద ఆరబెట్టడం కోడలి పని. నాలుగు రోజులుగా ఆమెకు నెలసరి ఆలస్యమైంది. ఎవరూ పైకి అనలేదు గానీ, ఆ పొద్దున ఇల్లంతా కాళ్ల వేళ్ల మీద నడుస్తున్నట్టే ఉంది.

పెద్ద బేసిన్‌లో ముక్కలు పోశాను. కారం, ఉప్పు, ఆవపిండి, మెంతిపొడి వేశాను. కాచి చల్లార్చిన నూనె పోయబోతుంటే కోడలు లేచి లోపలికి వెళ్లింది. వచ్చి గడప దగ్గర నిలబడింది. ఇటువైపు రాలేదు.

మా ఇంట్లో నెలసరి రోజుల్లో ఆడవాళ్లు తొక్కు ముట్టరు. బూజు పడుతుందంటారు. మా అత్త అయితే నీడ కూడా పడనిచ్చేది కాదు. అందుకని ఆమె నోరు విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. గడప అవతల నిలబడిందంటే అందరికీ తెలిసిపోయింది. ఆపా రోకలి ఆపింది. మా ఆయన పేపర్ దించాడు.

నా నోట్లోకి ఆ మాట వచ్చేసింది. నాలుగు రోజులు ఆలస్యమైంది కదా, అంటే మందు పని చేయడం మొదలైందేమో, ఇంకొక్క... నేను పళ్లు బిగబట్టాను. అప్పుడే మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పోనీ బిడ్డా, ఇంకో..."

నేను ఆయన వైపు చూశాను. ముప్పై ఏళ్ల పైబడి కాపురం చేసిన మనిషికి ఆ చూపు తెలుసు.

"ఇంకో... ఇంకో గుప్పెడు ఉప్పు పడుతదేమో చూడండ్రి" అన్నాడు.

కోడలి మూతి కొసన నవ్వు కదిలింది. నేను ఆమె వైపు తిరిగాను.

"నిలబడి చూస్తవేంది? గింత తొక్కు నేనొక్కదాన్నే కలుపుతే నా నడుము ఉంటదా? రా, చెయ్యి పెట్టు."

"అత్తమ్మా, నేను..."

"తెలుసు. చేతులు కడుక్కొని రా."

ఆమె కదల్లేదు. ఆపా తన జాడీని ముందుకు జరిపింది. "ఆవో బేటీ. మా ఇంట్ల గా లెక్కలేం లేవు. నా తొక్కయితే నువ్వే కలుపు. ఖరాబైతే నా మీద."

కోడలు చేతులు కడుక్కుని వచ్చింది. నా ఎదురుగా కూర్చుని బేసిన్‌లోకి రెండు చేతులూ పెట్టింది. అంచు నుంచి నేను, అడుగు నుంచి ఆమె. ముక్కలు పైకి కిందికి తిరుగుతుంటే నూనె ఎర్రగా తేలింది. మణికట్ల దాకా కారం పూసుకుని, ముక్కు దురద పెడితే భుజంతో గోక్కుంటూ కలిపింది. నేను మధ్యలో ఒకసారి ముఖం తిప్పుకున్నాను. ఆ చప్పిడి ముక్కు పిల్లకు మనసులోనే చేయి ఊపాను. ఎక్కువసేపు కాదు, నూనె ఎక్కువైందని ఆపా అరిచే దాకా.

జాడీలు నింపాక బేసిన్‌కు అంటిన మసాలాలో వేడి వేడి అన్నం వేసి కలపడం మా రెండిళ్లకూ పండుగ. కోడలే కలిపింది. అందరినీ చుట్టూ కూర్చోబెట్టి ముద్దలు చేసి చేతుల్లో పెడుతోంది. అప్పుడే నా కొడుకు ఏదో ఏసీ పని ముగించుకుని వచ్చాడు. ఎర్రటి ఆమె చేతులు చూశాడు, ముఖం చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను టూల్స్ సంచీ పక్కన పెట్టి, ఆమె పక్కన కూర్చుని నోరు తెరిచాడు. ఆమె ముద్ద పెట్టింది.

"అత్తమ్మా, మామా" అంది తర్వాత. "ఇగ గోలీలు బంద్. సూదులు గూడ వద్దనుకున్నం. డాబా మీద మస్తు మాట్లాడుకున్నం మేమిద్దరం. ఒక బిడ్డను తెచ్చుకుంటం."

మా ఆయన నోట్లో అప్పుడే పెద్ద ముద్ద ఉంది. "ఎక్కడ్నుంచి?" అన్నాడు.

"సర్కారు ద్వారా, మామా. పేరు రాయించుకోవాలె. ఇంటికొచ్చి చూస్తరు. మనందరితోని మాట్లాడుతరు. చాన దినాలు పడుతది."

"ఎవరి బిడ్డో ఏమో..." అని మొదలుపెట్టాడు. కారం నషాళానికి అంటింది. దగ్గు, కళ్ల నీళ్లు. ఆపా ఆయన నెత్తి మీద తడుతూ నీళ్లిచ్చింది. చెంబెడు తాగి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మేమందరం ఆయన వైపే చూస్తున్నాం.

"ఇంటికొచ్చి చూస్తరా?"

"అవు బాపు" అన్నాడు కొడుకు.

"అయితే ఆ బాత్రూం తలుపు బాగ చేపియ్యాలె. గొళ్లెం పడుతలేదు."

అంతే. దాని మీద ఇంకో చర్చ జరగలేదు. ఆయన తర్వాతి వారమే తలుపు మార్పించాడు. ఇప్పుడు పేరు నమోదైంది. వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. ఎదురుచూస్తున్నాం. వాళ్లు బాత్రూం వైపు కూడా వెళ్లలేదని ఆయనకు ఇప్పటికీ చిన్న కష్టంగా ఉంది.

ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ కోడలిని అడిగాను. "గల్లీల నేను చెప్పనా?" మా గల్లీ మొదట్లో నల్లా దగ్గర పొద్దున్నే ఆడవాళ్లు చేరతారు. కోడలు బడికి వెళ్తుంటే వారానికొకసారైనా "ఏమన్న విశేషమా టీచరమ్మా?" అని అడుగుతారు. చెడ్డవాళ్లు కాదు, అలవాటు.

"చెప్పు అత్తమ్మా" అంది. "అందరికీ ఒక్కతీరుగ చెప్పు. ఒక్కొక్కరికి చెప్పుకుంట తిరుగుడు నాతోని కాదు."

మరునాడు పొద్దున ఆమె జడ వేసుకుంటుండగానే నేను బయల్దేరాను. నల్లా దగ్గర బిందెలు వరుసలో ఉన్నాయి, ఆడవాళ్లు గోడకు ఆనుకుని ఉన్నారు. నేను మధ్యలో నిలబడి, దాచుకోకుండా, చీర ధర చెప్పినంత మామూలుగా చెప్పాను. గోలీలు మానేశాం, బిడ్డను దత్తత తెచ్చుకుంటున్నాం, ఇక మా కోడలిని విశేషం అడగొద్దు, వచ్చిన రోజు నేనే వచ్చి మిఠాయి పెడతాను.

పూలమ్మే ఆమె బిందె కింద పెట్టింది. "అయ్యో, ఇంకో నెల చూడకపోయినవా అక్కా?"

"నీ మోకాలి నొప్పికి ఎన్ని నెలలు ఏస్కున్నవ్ గోలీలు?"

"రెండు నెలలు. తక్కువ కాలే, ఇడిసిపెట్టిన."

"ఇంకో నెల చూడకపోయినవా?"

నల్లా దగ్గర అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, "ఆడపిల్లనా, మొగపిల్లగాడా?" అని అడిగింది. ఎవరొస్తే వాళ్లే అన్నాను. అంతలో బడిలో ఎండాకాలం క్లాసులకని కోడలు టిఫిన్ సంచీతో అటే వచ్చింది. పూలమ్మే ఆమె బుట్టలోంచి మల్లెపూలు మూర తెంపి ఆమె జడలో పెట్టి, "ఎండ బాగుంది, గొడుగు తీస్కపో టీచరమ్మా" అంది.

కోడలు నా వైపు ఒకసారి చూసి స్టేషన్ వైపు నడిచింది. రేషన్ షాపు వెనక చెప్పాల్సిన ఇళ్లు ఇంకో నాలుగు మిగిలాయి. నేను అటు వెళ్లాను.